ప్రజారోగ్యం – ఒక గుమాస్తా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17న మనం ఇక్కడ కలుసుకుంటాం. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని చెప్పిన తీర్పు అది. ఆ తర్వాత మామూలుగా డి.ఎ. గురించి, ఎరియర్సు గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుని, టిఫిను చేసి ఇళ్ళకు వెళ్తాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడాలండీ" అన్నారు. "నేను డాక్టరును కాను కదండీ" అన్నాను. "మున్సిపాలిటీ హెల్తు సెక్షనులో అన్నేళ్ళు చేశారు, ఇంకేం కావాలి?" అన్నారు. కాదనలేక ఒప్పుకున్నాను.

కాబట్టి ముందే మనవి చేసుకుంటున్నాను. షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పుల గురించి నేనేమీ చెప్పబోవడం లేదు. వాటి సంగతి ఇక్కడున్న ప్రతివారికీ నాకంటె ఎక్కువే తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఒక మనిషి ఆరోగ్యం గురించి కాదు, ఒక వీధి ఆరోగ్యం గురించి. అందులోనూ డాక్టర్ల పని గురించి కాదు, మనబోటి గుమాస్తాల పని గురించి.

మనలో డెబ్బై దాటిన వారు ఒకసారి చొక్కా చెయ్యి పైకి జరిపి చూసుకోండి. చాలామందికి జబ్బ మీద మశూచి టీకా మచ్చ కనిపిస్తుంది. మన చిన్నతనంలో ఊళ్ళో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూసి పైవాళ్ళు లోపలికి వెళ్ళేవారు కారు. ఆ వేపమండ మందు సంగతి ఎలా ఉన్నా, "ఈ ఇంట్లో జబ్బు ఉంది" అని వీధికంతటికీ తెలియజేసే నోటీసు అది. ఇంగ్లండులో జెన్నరు టీకా వేసి చూపింది 1796లో. మందు చేతిలో ఉన్నా నూట డెబ్బై ఏళ్ళు దాటాక కూడా మన దేశంలో మశూచి ఉండనే ఉంది. 1970 తర్వాత ఏం చేశారంటే, టీకాలు వేయడంతో సరిపెట్టుకోకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. మశూచి పోసిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చూపించి, "ఇలాంటి జబ్బు ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. కేసు ఉన్నదని తెలిసిన చోట చుట్టుపక్కల వాళ్ళందరికీ వెంటనే టీకాలు వేశారు. ఆఖరి రోజుల్లో, 1975లో, కేసు చూపించిన వారికి వెయ్యి రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే మనకు రెండు మూడు నెలల జీతం. ఆ సంవత్సరం మే నెలలో వచ్చిన కేసే మన దేశంలో ఆఖరిది. 1980 మే 8న ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రకటించారు.

ఇందులో మనం గ్రహించవలసింది ఒకటుంది. మందు ఉన్నంత మాత్రాన జబ్బు పోలేదు. జబ్బు ఎక్కడుందన్న కబురు, చేరవలసిన చోటికి, చేరవలసిన వేళకు చేరినప్పుడు పోయింది. కబురు చేరవేయడం ఎవరి పనండీ? అది తపాలు పని. ఇన్‌వార్డు గుమాస్తా పని. అంటే నా పని. ఆ పని నేను ఒకసారి చెడగొట్టాను. ఇన్నాళ్ళూ ఏ సభలోనూ చెప్పని ఆ సంగతి ఈవేళ మీ ముందు చెప్పదలచుకున్నాను.

1986 సంవత్సరం, జూలై నెల. నేనప్పుడు డెల్టా ప్రాంతంలో ఒక మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటును. ఊరి పేరు చెప్పను. అప్పటివారు కొందరు ఇంకా ఉన్నారు. అదీగాక, తప్పు ఊరిది కాదు. హెల్తు సెక్షను తపాలు, జనన మరణాల రిజిస్టర్లు నా సీటులో ఉండేవి. 10వ తేదీ గురువారం సాయంత్రం ఒక అర్జీ వచ్చింది. ఊరి చివర ఒక పేట నుంచి. ఆ వీధిలో కాపురముంటున్న ఎలిమెంటరీ స్కూలు మేష్టారు ఒకాయన రాసిపెట్టారు. చక్కని దస్తూరి. కింద పదిహేను ఇరవై సంతకాలు, సగం పైన వేలిముద్రలు. నాలుగు రోజులుగా కుళాయి నీళ్ళు మురుగు వాసన వస్తున్నాయనీ, మొదటి రెండు బిందెలూ పారబోసినా వాసన పోవడం లేదనీ, దయచేసి చూడవలసిందనీ ఆ అర్జీ సారాంశం.

శుక్రవారం పొద్దున్న దానికి నంబరు వేశాను. నీళ్ళ సంగతి కాబట్టి ఇంజనీరింగు సెక్షనుకు పంపాను. నా వంతు అయిపోయిందనుకున్నాను. మర్నాడు రెండో శనివారం. ఆ మర్నాడు ఆదివారం. సోమవారం మధ్యాహ్నం అది తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. "నీటి నాణ్యత విషయము హెల్తు సెక్షనువారు పరిశీలించవలెను" అని దాని మీద రాసి ఉంది. రాసినవారు తప్పు రాయలేదు, పంపిన నేనూ తప్పు పంపలేదు. మాన్యువల్ ప్రకారం ఇద్దరమూ ఒప్పే. మంగళవారం దాన్ని శానిటరీ ఇనస్పెక్టరు గారికి పెట్టవలసింది. ఆయన బల్ల నా సీటుకు పది అడుగుల దూరం. కాని జూన్ నెల జనన మరణాల రిటర్ను ఆలస్యమై మెమో వచ్చి ఉంది. దాని మీద కూర్చున్నాను. అర్జీ ఫైళ్ళ కింద ఉండిపోయింది.

బుధవారం పొద్దున్న హెల్తు అసిస్టెంటు సైకిలు మీద పరుగున వచ్చాడు. పేట నుంచి వాంతులు, విరేచనాలతో పదకొండు మంది ఆసుపత్రిలో ఉన్నారన్నాడు. మొదటి కేసు ఆదివారం రాత్రే వచ్చిందట. శానిటరీ ఇనస్పెక్టరు గారు పరీక్షపెట్టె తీసుకుని వెళ్ళారు. వీధి చివరి కుళాయి నీళ్ళు గాజుగొట్టంలో పట్టి మందు చుక్కలు వేశారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలి. తిరగలేదు. ఫిట్టరును పిలిపించి తవ్విస్తే అసలు సంగతి బయటపడింది. ఒక ఇంటికి ఇచ్చిన ఇనుపగొట్టం పక్కకాలువ అడుగునుంచి వెళ్తోంది. తుప్పు పట్టి చిల్లులు పడింది.

మనవంటి ఊళ్ళలో కుళాయి రోజుకు ఒక గంటో, రెండు గంటలో వస్తుంది. వచ్చినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీళ్ళు బయటికి కారతాయి. కుళాయి కట్టేసిన తర్వాత గొట్టం ఖాళీ అవుతూ బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు కుళాయి తిప్పగానే ఆ మురుగే మొదట బిందెలోకి వస్తుంది. ఇళ్ళల్లో మోటార్లు బిగించి లాగితే ఈ పీల్పు ఇంకా ఎక్కువ. ట్యాంకు దగ్గర ఎంత క్లోరిన్ కలిపినా ఈ మురుగుతో అది ఖర్చయిపోతుంది. ఆ చిల్లుగొట్టం మార్చడానికి పట్టింది రెండు మూడడుగుల ముక్క, సగం రోజు పని.

ఆ వీధిలో ఇద్దరు పోయారు. ఒక ముసలమ్మ, మూడేళ్ళ ఆడపిల్ల. ఆ పిల్ల పోయింది మంగళవారం రాత్రి.

రెండు వారాల తర్వాత ఆ పిల్ల తండ్రి మరణం నమోదు చేయించడానికి నా దగ్గరికి వచ్చాడు. రిక్షా తొక్కే మనిషి. ఎవరో చెప్పారట, కాగితం ఉండాలని. నేను రిజిస్టరు తీసి పేరు, వయస్సు, తేదీ రాసుకున్నాను. కారణం అనే గడి దగ్గరికి వచ్చేసరికి ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. కలరా అని రాయకూడదన్నది ఆ రోజుల్లో ఎవరూ కాగితం మీద పెట్టని ఆర్డరు. కలరా అంటే పైనుంచి ఇనస్పెక్షన్లు, అసెంబ్లీ ప్రశ్నలు. ఆసుపత్రి చీటీలోనూ జి.ఇ. అనే ఉంది. జి.ఇ. అనే రాశాను. అతను వేలిముద్ర వేస్తూ అడిగాడు. "గుమస్తాగారూ, మేం పెట్టిన అర్జీ ఏమయిందండీ?"

మొదటి వేలిముద్ర అతనిదేనని అప్పుడు తెలిసింది నాకు.

"పరిశీలనలో ఉంది, వెళ్ళు" అన్నాను. ఏకవచనంలోనే అన్నాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అర్జీ మీద "గొట్టము మరమ్మతు చేయబడినది, తదుపరి చర్య అవసరము లేదు" అని నోటు రాసి, ఎల్.డిస్. చేసి మూసేశాను. మీకు తెలుసు కదా, ఎల్.డిస్. అంటే కొన్నాళ్ళకు చించి పారేసే కాగితం. నా మీద చార్జీలేదు, మెమో లేదు. ఎవరూ నన్నొక మాట అనలేదు. అనడానికి కాగితం మీద ఏ తప్పూ లేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు లైబ్రరీలో ఒక పుస్తకంలో లండన్ సంగతి చదివాను. 1854 ఆగస్టు ఆఖరున సోహో అనే పేటలో కలరా వచ్చింది. జాన్ స్నో అనే డాక్టరు గారికి అది గాలివల్ల కాదు, నీళ్ళవల్ల వస్తుందని అనుమానం. అప్పటికి అది ఎవరూ ఒప్పుకునే మాట కాదు. ఆయన ఏం చేశారు? ముందు జనన మరణాల రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి, ఆ వారం కలరాతో పోయినవారి జాబితా అడిగి తీసుకున్నారు. అందులో 89 మంది ఉన్నారు. ఆ చిరునామాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఏ నీళ్ళు తాగారో అడిగారు. దాదాపు అందరి ఇళ్ళూ బ్రాడ్ వీధిలో ఉన్న ఒక చేతిపంపు చుట్టూనే ఉన్నాయి. ఆయన వెళ్ళి ఊరి పెద్దలకు చెబితే సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీయించారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని ఆ డాక్టరు గారే నిజాయితీగా రాసుకున్నారు. కాని ఏ నీళ్ళు తాగితే జబ్బు వచ్చిందో లోకానికి తెలిసింది. కలరా క్రిమిని విడిగా పెంచి రాబర్ట్ కాక్ చూపించింది కలకత్తాలో, 1884లో. అంటే క్రిమి పట్టుబడడానికి ముప్ఫై ఏళ్ళ ముందే, చిరునామాలతో సహా సరిగ్గా రాసిన ఒక మరణాల రిజిస్టరు జబ్బు జాడ పట్టించింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడి గుమాస్తాల రాతవల్ల ఒక పంపు మూతపడింది. నా రిజిస్టరులో జి.ఇ. అని రెండక్షరాలు.

అది మొదలు నేనొక చిన్న పని పెట్టుకున్నాను. ఒక నోటు పుస్తకం కొని, తేదీ, వీధి, వయస్సు, ఏం జబ్బు అని నాలుగు గళ్ళు గీశాను. హెల్తు అసిస్టెంటు పొద్దున్నే ఆసుపత్రి మీదుగా వచ్చేవాడు. "ఈవేళ విరేచనాల కేసులు ఎక్కడెక్కడివి?" అని అడిగి రాసుకునేవాడిని. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ కనిపించదు. ఊరన్నాక ఎక్కడో ఒకచోట ఒకరికి కడుపు చెడుతూనే ఉంటుంది. వీధి ప్రకారం రాసుకుంటే కనిపిస్తుంది. ఒకసారి ఒకే సందులో రెండు రోజుల్లో మూడు కేసులు పడ్డాయి. ఈసారి ఫైలు నడిపించలేదు. నేనే లేచి ఆ పది అడుగులూ నడిచి, శానిటరీ ఇనస్పెక్టరు గారి ముందు పుస్తకం పెట్టాను. వెళ్ళి చూస్తే వాల్వు గుంటలో మురుగు నిండి ఉంది. తోడించి, వాల్వు బిగించి, గొట్టాలు బ్లీచింగుతో కడిగించారు. నాలుగో కేసు రాలేదు.

ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఆ సందులో ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎక్కడా ఏ రికార్డూ లేదు. జరిగిన చావుకు రిజిస్టరు ఉంది. జరగని చావుకు రిజిస్టరు లేదు. అందుకే జబ్బు రాకుండా చూసే పనికి పేరు రాదు, బడ్జెట్టు రాదు. ఆసుపత్రి కడితే శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. చిల్లుగొట్టం మారిస్తే శిలాఫలకం ఎవరు వేస్తారు?

ఇప్పుడు కాలం మారింది కదా అనవచ్చు. మారింది. 2004లో వ్యాధుల నిఘా పథకం మొదలయ్యాక ప్రతి వారమూ ఏ జబ్బులు ఎన్ని వచ్చాయో కింది నుంచి పైకి లెక్క వెళ్ళడం మొదలైంది. ఇప్పుడది కంప్యూటర్లలోనే వెళ్తోంది. ఆశా కార్యకర్తలు వచ్చారు. నేను నోటు పుస్తకంలో రాసుకున్నది ఈనాడు సెల్‌ఫోనులో రాస్తున్నారు. సంతోషం. అయినా 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చినప్పుడు, పోయినవారు ఎందరు, ఆ జబ్బుతోనే పోయారా అన్నదాని మీదనే రోజుల తరబడి తర్జనభర్జన జరిగింది. పేపర్లలో అందరూ చూశారు. ఆ గడిలో ఏం రాయాలన్న ప్రశ్న ఇంకా తీరలేదన్నమాట.

మారిన సంగతి ఇంకొకటి ఉంది. అది మనకు సంబంధించినది. 1986లో ఆ అర్జీ రాసిన మేష్టారు ఆ వీధిలోనే ఉండేవారు, ఆ కుళాయి నీళ్ళే తాగేవారు. ఈవేళ మనలో ఎంతమంది మున్సిపల్ కుళాయి నీళ్ళు తాగుతున్నాం? చేతులెత్తమంటే నాతో సహా ఎవరూ ఎత్తం. మన ఇళ్ళలో ఫిల్టర్లు ఉన్నాయి, లేకపోతే పొద్దున్నే ఇరవై లీటర్ల డబ్బా వస్తుంది. కుళాయి నీళ్ళు గిన్నెలు తోముకోవడానికి. ఆ నీళ్ళే తాగేవారు ఎవరు? మన ఇళ్ళలో గిన్నెలు తోమే అమ్మాయి తాగుతుంది, వాళ్ళ పిల్లలు తాగుతారు. అర్జీ రాయడం వచ్చినవారు ఆ నీళ్ళు తాగడం మానేశారు. ఆ నీళ్ళు తాగేవారికి అర్జీ రాయడం రాదు. అందుచేత కబురు పైకి వెళ్ళడం లేదు. అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది, కేసులు ఆసుపత్రికి వచ్చేదాకా.

డబ్బా నీళ్ళ గురించి కూడా ఒక మాట. ఆ యంత్రంలో శుద్ధి చేసేటప్పుడు క్లోరిన్ కూడా పోతుంది. ఆ తర్వాత డబ్బా గాని, పంపు గాని, మన చేతులు గాని శుభ్రంగా లేకపోతే, మళ్ళీ చేరిన క్రిమిని చంపడానికి ఆ నీళ్ళలో ఏమీ ఉండదు. డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన భయం లేదనుకోకూడదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? నేను ఐదు సంగతులు మనవి చేస్తాను. వీటిలో దేనికీ డాక్టరు కానక్కరలేదు.

మొదటిది, కుళాయి నీటిలో క్లోరిన్ పరీక్ష. మన దేశ ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఉంటే చాలదు, వీధి చివరి కుళాయిలో ఉండాలి. మునుపు వాడిన పసుపు రంగు తిరిగే మందు ఒంటికి మంచిది కాదని తేలింది. ఇప్పుడు గులాబీ రంగు తిరిగే డి.పి.డి. బిళ్ళలు వచ్చాయి. ఏ మందు వేసినా పరీక్ష చేసిన నీళ్ళు పారబోయాలి గాని తాగకూడదు. మన సంఘం తరఫున ఒక పెట్టె కొందాం. వారానికొకసారి నాలుగు పేటలలో చివరి కుళాయి చూసి, తేదీ వేసి రాద్దాం. సొంత ట్యాంకులు, సంపులు ఉన్నవారికి ఒక లెక్క. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చాలు. ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగి వాడాలి. పౌడరు తాజాది అయి ఉండాలి. సంచి విప్పి గాలికి, తేమకు వదిలేస్తే దాని బలం పోతుంది. అప్పుడు మిగిలేది సున్నమే. కాలువ గట్ల మీద ముగ్గులా చల్లేది చాలాచోట్ల అదే.

రెండవది, వీధి లెక్క. ఒకే వీధిలో రెండు రోజుల్లో ముగ్గురికి విరేచనాలు పట్టుకుంటే అది వాళ్ళ కడుపుల సంగతి కాదు, ఆ వీధి నీళ్ళ సంగతి అని అనుమానించండి. ఎ.ఎన్.ఎం. గారికో, ఆశా కార్యకర్తకో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారికో ఆ పూటే చెప్పండి. అనుమానం తప్పయితే నష్టం ఏమీ లేదు.

మూడవది, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చి, సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ములలో పెట్టి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట నలుగురి లోపుకు తగ్గింది. ఆ పొట్లం ఇంట్లో రెండు మూడు ఎప్పుడూ ఉండాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం కలపకూడదు. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మట్టంగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. పసిపిల్లలకైతే దీనితోపాటు డాక్టరు చెప్పిన మోతాదులో పద్నాలుగు రోజులు జింకు బిళ్ళలు వేయాలి. మన వయస్సువారికి దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీరు పోయినా దాహం వేయదు. అందుచేత దాహం వేసేదాకా ఆగకండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నాలుగవది, మరణాల నమోదు. మనకు మరణ ధ్రువపత్రం అంటే ఫ్యామిలీ పెన్షనుకు జతచేసే కాగితం. 1969 చట్టం ప్రకారం దాన్ని నమోదు చేయించేది అందుకొక్కదానికే కాదు. 21 రోజుల లోపల నమోదు చేయించండి. డాక్టరు గారిని అడిగి అసలు కారణం రాయించండి. గుండె ఆగిపోవడం అని రాస్తే సరిపోదు. పోయినవారెవరికైనా గుండె ఆగుతుంది. ఆ గడి సరిగ్గా నిండితే మరో ఇంట్లో ఒకరు బతకవచ్చు.

ఐదవది, నేను ముఖ్యంగా చెప్పవలసినది. మనకొక విద్య వచ్చు. ముప్ఫై, ముప్ఫై ఐదేళ్ళు చేసిన విద్య. సంగతి నాలుగు వాక్యాలలో రాయడం, తేదీ వేయడం, అక్నాలెడ్జిమెంటు తీసుకోవడం, కాపీ ఉంచుకోవడం, పదిహేను రోజులకు రిమైండరు పంపడం. డి.ఎ. ఎరియర్సు కోసం మన సంఘం ఎన్ని రిమైండర్లు పంపిందో కార్యదర్శి గారికి తెలుసు. అందులో సగం ఓపిక ఒక చిల్లుగొట్టం మీద పెడితే ఏ ఆఫీసూ తట్టుకోలేదు. ఏ మాట రాస్తే కాగితం ఏ సీటుకు వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎవరి కింద ఉండిపోతుందో మనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మనమే కదా ఆపినవాళ్ళం.

కాబట్టి ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి సోమవారం పది నుంచి పన్నెండు వరకు మన సంఘం గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. నీళ్ళ గురించి, మురుగు గురించి, దోమల గురించి ఎవరు వచ్చినా అర్జీ మనం రాసి పెడదాం. వంతులవారీగా ఇద్దరు కూర్చుంటే చాలు. ఒక ఇన్‌వార్డు రిజిస్టరు పెడదాం. పని జరిగిందని ఆ వీధివాళ్ళు వచ్చి చెప్పేదాకా ఏ అర్జీనీ మూయవద్దు. మొదటి సోమవారం నేను కూర్చుంటాను.

ఆ రిక్షా అతను ఈనాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఉంటే నా వయస్సే ఉంటుంది. ఆ పిల్ల ఉంటే నలభై దాటి, పెళ్ళీడు పిల్లలు ఉండేవారు. ఆనాడు నన్ను అడిగిన ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. అది పరిశీలనలో లేదు, నా ఫైళ్ళ కింద ఉంది. మన బల్ల దగ్గరికి వచ్చి రేపు ఎవరైనా "మా అర్జీ ఏమయిందండీ?" అని అడిగితే, తేదీతో సహా, మీరు అని మర్యాదగా, నిజం చెప్పగలగాలన్నదే నా కోరిక.